మేస్త్రి మోసిన చేతికర్ర

మా అమ్మాయికి ఆర్డరు వచ్చింది. కొత్తగా పోలీసులో చేరే పిల్లలకు ఇక మీదట ట్రైనింగ్ స్కూల్లో కుక్కల పాఠం ఉంటుంది, ఆ పాఠం మొట్టమొదట చెప్పబోయేది నా కూతురు. కుక్క ఉన్న ఇంటి గుమ్మం దగ్గర పోలీసు ఎలా నిలబడాలి, ఇంట్లోవాళ్ళను ఎలా పిలవాలి, చేతిలో ఉన్న లాఠీని ఏం చెయ్యాలి, ఇవన్నీ అది నేర్పుతుంది. పొద్దున్న ఫోనులో ఈ మాట విన్న దగ్గరనుంచి నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. చేతిలో టీ గ్లాసు ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, చొక్కా మీద ఒలకబోసుకుని, అలాగే పరుగున పోయి పక్కింటి తలుపు దబదబా కొట్టాను.

తలుపుకు బయట తాళం వేసి ఉంది. ఆ తాళం వేసింది నేనే. మా బావ పోయి ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు.

చదివేవాళ్ళు మన్నించాలి. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు సంతోషంతో మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. మన తెలుగు సమాజం పత్రికలో వేస్తాం, మీ బావ గురించి నాలుగు ముక్కలు రాసివ్వండి అని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ణి, నాకేం రాయడం వస్తుంది బాబూ అన్నాను. మాట్లాడినట్టే రాసెయ్యండి అన్నారు. సరేనని కూర్చుంటే ఇదిగో, దుఃఖమూ సంతోషమూ ఒకే గుమ్మంలోంచి ఒకేసారి దూరాలని చూస్తున్నాయి. దేన్ని ముందు రానివ్వాలో తెలియక సంతోషాన్నే రానిచ్చాను. మా బావ అయినా అదే చేసేవాడు.

ఖిదిర్‌పూర్ ఓడల డాకు వెనక సందులో మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. పొద్దున్నే ఆయన గ్లాసుతో గోడ మీద టకటకా కొట్టేవాడు. నీళ్ళు మరిగాయి రమ్మని దానికర్థం. నేను ఇటునుంచి కొడితే వస్తున్నానని. ఆ రోజు గోడ పలకలేదు. ముసలాడు ఇంకా లేవలేదు కాబోలని నేనే కొట్టాను. జవాబు లేదు. కాసేపటికి మేస్త్రి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రి అంటే మా బావ కుక్క. వాడి కోసం ఆయన తలుపు ఎప్పుడూ ఓరగా వేసి ఉంచేవాడు. మేస్త్రి అరవలేదు, మూలగలేదు. నా ముఖంలోకి చూసి, వెనక్కి తిరిగి, ఉన్న మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. మా బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని, బాధపడి ఉండడని సందు చివర డాక్టరుగారు చెప్పారు. ఆ మాట చెప్పినందుకు ఆయన్ని నేను బతికినన్నాళ్ళూ తలుచుకుంటాను.

బావ అంటే నా భార్యకు సొంత అన్న. మా అమ్మాయికి మేనమామ. మేమిద్దరం శ్రీకాకుళం వైపునుంచి ఒకే రైలెక్కి, ఒకే రోజు హౌరాలో దిగినవాళ్ళం. డాకులో ఆయన మోత పనిలో చేరాడు, నేను బరువులెత్తే వించి నడపడం నేర్చుకున్నాను. కొన్నేళ్ళకు జనపనార బేలు మూట జారి ఆయన కుడికాలి మీద పడింది. అప్పటినుంచి చేతికర్ర వచ్చింది. పెళ్ళాం తొందరగా పోయింది, పిల్లలు లేరు. నా భార్య బతికున్నంతకాలం అన్నగారికి మా ఇంటినుంచే కంచం వెళ్ళేది. అది కూడా పోయాక ఇద్దరం ముసలాళ్ళం గోడకు చెరోవైపూ మిగిలాం.

వంట వంతుల్లో ఒకరినొకరు తిట్టుకోవడమే మాకు కాలక్షేపం. ఆయన పెట్టిన టీ తాగి నేను ముఖం ముడిస్తే చాలు, అందుకునేవాడు.

"మా సెల్లి సేతి టీ తాగి తాగి నీకు నాలిక్కి పొగరెక్కినాది బావా. తాగితే తాగు, నేకపోతే మేస్త్రికి పొయ్యి. ఆడు నీలాగ వంకలు పెట్టడు."

ఇక ఈ మేస్త్రి సంగతి చెప్పాలి. వానాకాలంలో డాకు గేటు దగ్గర లారీ కింద దొరికిన పిల్ల. గోధుమరంగు ఒళ్ళు, గుండె మీద తెల్ల మచ్చ. జాతి కుక్క కాదు, ఈ ఊరి వీధి కుక్కే. మా బావకు కుక్కల గురించి ఏమీ తెలియదు. కూర్చోమంటే కూర్చోవడం, చెయ్యి ఇవ్వడం లాంటివేవీ ఆయన నేర్పలేదు. ఆ కుక్కకు వచ్చిన విద్య ఒక్కటే, అదీ అనుకోకుండా వచ్చింది.

మా బావకు ఒక పట్టు ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చేతిలో ఉన్నది తీసుకోవాలి. సంచి, గొడుగు, టిఫిన్ క్యారియరు, ఏదైనా సరే. డాకులో వీపు మీద మూట మోసుకొచ్చినవాణ్ణి పలకరించరు. ముందు ఇద్దరు చెయ్యి వేసి మూట దించుతారు, ఆ తర్వాతే మాట. ఆ అలవాటు ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. "ఇంటికొచ్చినోడి సేతిలో బరువు ముందు దించాల బావా. కూకోమనడం ఆ తరవాత," అనేవాడు. కానీ ఆయన బజారునుంచి ఒక చేతిలో సంచి, ఒక చేతిలో కర్రతో గుమ్మం ఎక్కితే దించడానికి ఇంట్లో ఎవరున్నారు? పిల్లగా ఉన్న మేస్త్రి ఒకనాడు ఆటగా ఆ కర్ర పట్టుకుని లాగాడు. మా బావ మురిసిపోయి వదిలేశాడు. మర్నాడూ అంతే. అలా అలా అది ఆ కుక్కకు ఉద్యోగమైపోయింది. కర్ర నడిమికి నోట కరిచి పట్టుకుని, ఒక కొన సిమెంటు గచ్చు మీద గరగరమంటూ రాసుకుంటూ పోతుంటే, నీళ్ళకుండ పక్క మూలకు తీసుకెళ్ళి దించేవాడు. డాకులో తాను మొయ్యకుండా చేతిలో కర్ర పట్టుకుని అందరికంటే ముందు నడిచేవాణ్ణి మేస్త్రి అంటాం. ఆ పేరు అలా వచ్చింది.

ఆ గరగర మా సందుకంతటికీ తెలుసు. మేడ మీద ఉండే బెంగాలీ మాషీ, అంటే పిన్నిగారు, ఆ చప్పుడు వినగానే పైనుంచే "దాదా ఎశే గేఛేన్?" అని అడిగేది, అన్నగారు వచ్చేశారా అని. వచ్చేశానని మా బావ కిందనుంచి కేకవేసేవాడు. వీళ్ళిద్దరికీ మధ్య రోజంతా నడిచిన సంభాషణ చాలాసార్లు అంతే. అయినా మాషీ ఆ జవాబు వినకుండా లోపలికి వెళ్ళడం నేను చూడలేదు.

వానరోజుల్లో మా బావ ఇంటికెళ్ళిన ప్రతివాడి గొడుగూ మూలకు చేరేది. సిగ్గుపడి ఇవ్వనన్నవాళ్ళ దగ్గర మేస్త్రి ఇంకాస్త గట్టిగా పట్టుకుని లాగేవాడు. వదిలేవాడు కాదు. మన కార్యదర్శిగారి గొడుగు పిడి మీద ఆ పళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉంటాయి, చూడండి.

మా అమ్మాయి ఈ ఇంట్లోనే పెరిగింది. మేనమామ మంచికాలి మీద కూర్చుని అన్నం తిన్న పిల్ల. దానికి పోలీసు ఉద్యోగం వచ్చినప్పుడు మా తోడల్లుడు మొదలుకొని అందరూ నోరు చప్పరించారు, ఆడపిల్లకు పోలీసేమిటని. మా బావ దాన్ని వెంటబెట్టుకుని బూట్ల దుకాణానికి వెళ్ళాడు. మేనమామ బట్టలు పెట్టాలి కదా. "బట్టలు సర్కారోడు పెడతన్నాడు. నాకేటి మిగిలినాది, బూట్లే గదా," అన్నాడు. మా అమ్మాయి యూనిఫారం వేసుకుని మొదటిసారి ఆయన ఇంటికి వెళ్ళిన రోజున మేస్త్రి ఎదురొచ్చి దాని చేతిలో లాఠీ కూడా తీసుకుపోయి కుండ పక్కన పెట్టాడు.

"మామయ్యా, నీ కుక్క పోలీసు లాఠీ లాక్కుంది. కేసు పెడతాను."

"పెట్టు గుంటా. జామీను మీ నాన్న ఇస్తాడు."

ఆ రోజు ముగ్గురం ఎంత నవ్వామో. ఆ నవ్విన సంగతే తర్వాత మమ్మల్ని ఏడిపిస్తుందని ఎవరికి తెలుసు?

ఒక మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్ళు మా సందులో ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఫోన్లు కొట్టేసేవాడెవడో ఇక్కడ అద్దెకున్నాడని వాళ్ళకు కబురు. మా బావ పెరట్లో కొళాయి కింద స్నానం చేస్తున్నాడు. తలుపు ఓరగా ఉంది. వాళ్ళలో చిన్నవాడు, మీసం కూడా సరిగ్గా రాని పిల్లాడు, పిలిచాడు, ఎవరూ పలకలేదు, లాఠీ ముందుకు పెట్టి లోపలికి అడుగు వేశాడు. మేస్త్రి లేచి, తోక ఆడించుకుంటూ వచ్చి, లాఠీ పట్టుకున్నాడు.

వాడి దృష్టిలో చుట్టం వచ్చాడు. బరువు దించాలి.

ఆ పిల్లాడి దృష్టిలో కుక్క మీదపడింది. వెనక్కి లాగాడు. లాగేకొద్దీ మేస్త్రి గట్టిగా పట్టుకున్నాడు, గొడుగులిచ్చేటప్పుడు మొహమాటపడేవాళ్ళందరూ అలాగే లాగుతారు కదా. నేను మా గుమ్మంలోంచి కరవదు, కరవదు అని అరుస్తూనే ఉన్నాను. ఆ పిల్లాడూ అరుస్తున్నాడు. లాఠీ విడిపించుకుని కొట్టాడు. కుక్క పడిపోయాక కూడా కొట్టాడు. రెండో కానిస్టేబులు వచ్చి పట్టుకునేదాకా ఆ చెయ్యి ఆగలేదు. అది కోపంతో కొట్టే చెయ్యి కాదని అప్పుడు నాకు తెలియలేదు.

సందంతా మూగింది. మా సందు క్లబ్బులో కూర్చునే కుర్రాళ్ళు వాళ్ళిద్దర్నీ చుట్టుముట్టారు. మా బావ తడి తువ్వాలుతో వచ్చి, ముందు కుక్కను ఒళ్ళోకి తీసుకున్నాడు. తర్వాత తల ఎత్తి, మెట్టు మీద కూలబడిన ఆ పిల్లాణ్ణి చూశాడు. వాడి చేతిలో లాఠీ ఇంకా అలాగే బిగుసుకుని ఉంది.

"ఆ గుంటడి సేతిలోది తీసి పక్కనెట్టు బావా. నీళ్ళియ్యి. ఒణుకుతన్నాడు, సూడు," అన్నాడు నాతో.

నాకు ఇవ్వబుద్ధి కాలేదు. కానీ ఇచ్చాను. మా బావ మాట కాదనడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

పశువుల డాక్టరుకు మేస్త్రి ముందుకాలు తీసెయ్యక తప్పలేదు. మా అమ్మాయి డ్యూటీనుంచి పరుగున వచ్చింది. మేనమామ గచ్చు మీద కూర్చుని భోరున ఏడ్చింది. ఇంటి యజమాని బయటకు రాకుండా లోపలికెలా వెళ్తాడు, పైకి రాస్తాను, వాడి ఉద్యోగం ఉండదు అంది. నేను రాయమన్నాను. సందు మొత్తం రాయమంది. మా బావ ఒక్కడే తల అడ్డంగా ఊపాడు.

"ఆడి ఉజ్జోగం తీయించేస్తే మేస్త్రికి కాలు మొలుస్తాదేటి? ఆడి జాగాలో ఇంకోడొస్తాడు. ఆడికీ ఎవుడూ నేర్పడు." ఆపైన మా అమ్మాయిని అడిగాడు, "నీకు నేర్పినారేటి, కుక్కున్న ఇంటికెలాగెల్లాలో?"

మా అమ్మాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. కవాతు నేర్పారు, చట్టం నేర్పారు, గుంపును ఎలా ఆపాలో నేర్పారు, తుపాకీ నేర్పారు. ఊళ్ళో సగం ఇళ్ళ ముందు పడుకుని ఉండే ప్రాణి గురించి ఒక్క ముక్క నేర్పలేదు.

"అయితే ఆ పాఠం పెట్టించు. నాను సచ్చేలోగా పెట్టించు," అన్నాడు మా బావ. అడిగింది అంతే. జరిమానా అడగలేదు, క్షమాపణ అడగలేదు.

మేస్త్రి కట్లు విప్పుకుని ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం మా బావ బజారుకని చేతికర్ర తీశాడు. కర్ర చూడగానే కుక్క నిలుచున్నచోటే పాసు పోసేసుకుని, మంచం కిందకు దూరి, అన్నం పెట్టినా బయటకు రాలేదు. మా బావ చాలాసేపు మంచం పక్కనే నేల మీద కూర్చున్నాడు. తర్వాత కర్రను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టించాడు, నాచేతనే. మళ్ళీ దింపనివ్వలేదు.

అప్పటినుంచి ఆయన గోడ పట్టుకుని నడిచేవాడు. నేను తిట్టాను, మా అమ్మాయి తిట్టింది, డాక్టరుగారు కూడా చెప్పి చూశారు. కుక్క భయపడుతుందని మనిషి కాలు విరగ్గొట్టుకుంటాడా, పడిపోతావు బావా అంటే, "గోడ ఉంది గదా. గోడ అయిపోయిన కాడ నువ్వున్నావు," అనేవాడు. మా సందులో ఆయన గుమ్మంనుంచి కొళాయి దాకా, నడుమెత్తున, గోడ మీద నల్లగా ఒక చార పడింది. ఆయన అరచెయ్యి రాసుకున్న చార. గోడ అయిపోయిన చోటునుంచి నా భుజం. నా చొక్కా ఎడమభుజాలన్నీ ముందుగా చిరిగేవి.

అలా గోడ మీదుగా, నా భుజం మీదుగా ఆయన ఆ పాఠం సంగతి అడగడానికి పోలీసు థానాకు వెళ్ళేవాడు. థానా పెద్ద అధికారిని ఇక్కడ బొడోబాబు అంటారు. ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయిన మనిషి. మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇప్పించేవాడు. దొంగల గురించి నేర్పడానికే టైము చాలడం లేదు దాదా, కుక్కల గురించి ఎప్పుడు నేర్పమంటారు అనేవాడు. దొంగల ఇంట్లో కూడా కుక్క ఉంటుంది కదండీ అనేవాడు మా బావ. మా బావ మాట సగం హిందీ, సగం బెంగాలీ, కోపమొస్తే సిక్కోలు తెలుగు. థానాలో ఆయనకు కుక్క దాదా అని పేరు పెట్టారు. నాకు రోషం వచ్చేది. ఆయనకు రాలేదు. పేరెట్టినారంటే మర్చిపోరు, మంచిదేగా అన్నాడు.

ఈలోగా మా అమ్మాయి ఏం చేసిందో కూడా చెప్పాలి, చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. సెలవు రోజులన్నీ పశువుల డాక్టర్ల దగ్గర, పోలీసు కుక్కల్ని సాకేవాళ్ళ దగ్గర గడిపింది. కుక్క తోక ఆడించినంత మాత్రాన సరదాగా ఉందని కాదు, ఒళ్ళు బిగిసి ఉందా లేదా చూడాలి. కళ్ళల్లోకి చూడకూడదు. ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నిలబడాలి. బయటనుంచే పిలిచి, కుక్కను గదిలో పెట్టమని అడిగి, ఆ తర్వాతే గడప దాటాలి. అన్నిటికన్నా ముందు చేతిలో కర్ర కిందికి దించాలి. ఇవన్నీ రాసి పైకి పంపింది. తిరిగొచ్చింది. మళ్ళీ రాసింది. డబ్బు లేదన్నారు, అవసరమేమిటన్నారు, నవ్వారు కూడా. సాల్ట్ లేక్ క్వార్టర్సునుంచి ఆదివారం ఆదివారం వచ్చేది. వచ్చేటప్పుడు యూనిఫారం వేసుకునేది కాదు, మేస్త్రి కోసం. మా బావ గుమ్మంలోనే అడిగేవాడు.

"ఏటయినాది గుంటా, మన బడి?"

"పైకి వెళ్ళింది మామయ్యా. పైవాళ్ళు చూడాలి."

"అలగైతే పర్లేదులే. నానూ పైకే గదా ఎల్తాను, అక్కడే అడుగుతాను."

ఒకరోజు ఆ కానిస్టేబులు పిల్లాడు వచ్చాడు. మామూలు చొక్కా వేసుకుని, చేతిలో బిస్కెట్ల పొట్లంతో సందు మొదట్లో చాలాసేపు నిలబడ్డాడట. మాషీ చూసి చెప్పింది. మా బావే వెళ్ళి తీసుకొచ్చాడు, గోడ పట్టుకుని. పొట్లం తీసుకుని, కూర్చోబెట్టి, టీ ఇచ్చాడు. మేస్త్రి మంచం కింద. ఆ పిల్లాడు మంచం వైపు చూడకుండా మాట్లాడాడు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో కుక్క తొడ పట్టుకుందట, ఊరంతా చూస్తూ నిలబడ్డారట. ఉద్యోగంలో చేరాక కుక్క ఎదురైతే ఏం చెయ్యాలి అని ఒక పెద్దాయన్ని అడిగితే, లాఠీ దేనికిచ్చారు అన్నాడట. ఆ ఒక్క మాటే వాడికి దొరికిన పాఠం.

ఆ రోజు మేస్త్రి బయటకు రాలేదు. ఆ పిల్లాడు మళ్ళీ వచ్చాడు. వస్తూనే ఉన్నాడు. ఎన్నో రాకల తర్వాత మంచం కిందనుంచి ఒక ముక్కు బయటకొచ్చి బిస్కెట్టు తీసుకుంది. ఆ సాయంత్రం మా బావ గోడ మీద గ్లాసుతో ఎంతసేపు కొట్టాడంటే, ఇల్లు కూలిపోతుందేమోనని నేను పరుగెత్తాను. ముక్కు బయటకొచ్చింది బావా అన్నాడు. కళ్ళు తడి.

మొన్న మా బావను మోసిన నలుగురిలో ఆ పిల్లాడు ఒకడు. పాడెకు ఎడమ ముందుకొన వాడిది, ఎడమ వెనకది నాది. దారంతా వాడు భుజం మార్చుకోలేదు.

ఆయన పోయాక ఈ సందులో తెలుగు మాట్లాడేది నేనొక్కణ్ణి. వినేది మేస్త్రి. నా దగ్గరే ఉంటున్నాడు, కానీ పగలంతా పక్కింటి తలుపు ముందు పడుకుని, తిండికి మాత్రం వస్తాడు. పొద్దున్న టీ పెట్టి నేను ఇంకా గోడ మీద కొడుతూనే ఉన్నాను. చెయ్యి మానడం లేదు. అవతల ఖాళీ ఇల్లు కదా, చప్పుడు ఇదివరకటికన్నా గట్టిగా వినిపిస్తుంది. టీ బాగా లేదని చెప్పడానికి మనిషి లేకపోవడం ఇంత పెద్ద సంగతి అవుతుందని నేను అనుకోలేదు. అట్లాంటి రోజుల్లో ఈ ఆర్డరు వచ్చింది. ఎవరితో చెప్పను? మేస్త్రితో చెప్పాను. విని తోక ఒకసారి కదిపాడు.

మధ్యాహ్నం మా అమ్మాయి వచ్చింది. డ్యూటీనుంచి తిన్నగా రావడంవల్ల యూనిఫారంలోనే ఉంది. సందు మొదట్లోనే లాఠీ, టోపీ జీపులో వదిలేసి, మేనమామ కొన్న బూట్లు గుమ్మం బయట విడిచి, లోపలికొచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. మొదటి పాఠంలో మొదటి మాట ఏం చెప్తావమ్మా అని అడిగాను. మామయ్య మాటే, ఇంటికెళ్ళినవాడు ముందు చేతిలో బరువు దించాలి అంది. ఆ కానిస్టేబులు కూడా పక్కన నిలబడి తన సంగతి తానే చెప్తానన్నాడట. తర్వాత గొంతు తగ్గించి, నాన్నా, మామయ్య కర్ర కావాలి, పాఠానికి ఆ కర్రే తీసుకెళ్తాను అంది.

పక్కింటి తాళం తీశాం. అటక మీదనుంచి గోనెసంచి దింపాం. మేస్త్రి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మా అమ్మాయి గచ్చు మీద కూర్చుని, సంచి విప్పి, కర్రను నేల మీద పడుకోబెట్టింది. తాను దూరంగా జరిగి, కుక్కవైపు చూడకుండా, పక్కకు తిరిగి కూర్చుంది. రేపు పిల్లలకు ఎలా చెప్తుందో అలాగ. నన్నూ కూర్చోమని సైగ చేసింది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. నా మోకాళ్ళు పట్టేశాయి.

మేస్త్రి గడప దాటాడు. ఆగాడు. ఇంకో అడుగు వేశాడు. కర్ర పిడి దగ్గర ముక్కు పెట్టాడు. ఎన్నేళ్ళ అరచెయ్యి అది, ఎంత గోనెలో చుట్టినా పోతుందా? వాసన చూసి చూసి, నాకి, కర్ర నడిమికి నోట పట్టుకున్నాడు. ఒక ముందుకాలితో ఆ బరువు మొయ్యడం కష్టం. ఒకపక్కకు ఒరిగిపోతున్నాడు, సర్దుకుంటున్నాడు. కర్ర కొన గచ్చు మీద గరగరమంటూ కుండ దగ్గరికి వెళ్ళింది.

మేడ మీద కిటికీ తెరుచుకుంది.

"దాదా ఎశే గేఛేన్?"

మాషీ అలవాటుగా అడిగేసింది. మా అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను చెప్పాలని నోరు తెరిచాను, రాలేదు. కాసేపటికి పైన కిటికీ మెల్లగా మూసుకుంది.

కర్ర ఇక్కడే ఉండనీ నాన్నా, పాఠానికి ఇంకోటి చూసుకుంటాను అని మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను ఈ కాగితాలు తెచ్చుకుని మా బావ గుమ్మంలోనే కూర్చున్నాను. ఇక చెప్పవలసినవాళ్ళు మిగిలారు.

సోంపేటలో మా పెద్దక్కకు చెప్పాలి. వినబడదు, మనవరాలిచేత చెవిలో అరిపించాలి. పలాసలో మా తోడల్లుడికి చెప్పాలి, ఆడపిల్లకు పోలీసేమిటన్నవాడు కదా, వాడికి రెండుసార్లు చెప్పాలి. గాజువాకలో మా బావ చిన్నాన్న కొడుకు పెద్దకర్మకు బయలుదేరుతున్నాడు, హౌరాలో దిగగానే చెప్పాలి, ఏడుపు తర్వాత, ముందు ఇది. బడ్జ్ బడ్జ్‌లో మా మేనల్లుడికి, వాడి పెళ్ళానికి. ఖరగ్‌పూర్‌లో మా చిన్నమ్మ కూతురికి, అది విన్నదంటే మిగిలిన ఊళ్ళకు నేను ఫోను చెయ్యక్కర్లేదు. మా ఆవిడకు పొద్దున్నే ఫోటో ముందు నిలబడి చెప్పేశాను. మాషీ చుట్టం కాదు గానీ చుట్టం కన్నా ఎక్కువ, ఆవిడకు మెట్లెక్కి వెళ్ళి చెప్పాలి, ఆ అడిగినదానికి జవాబు కూడా నేనే చెప్పాలి.

ఇక మా బావకు. ఆయనకు చెప్పే పని మేస్త్రి తీసుకున్నట్టున్నాడు. కర్ర మూలన దించి వచ్చి, నా పక్కనే, గుమ్మంలో ముందుకు జరిగి కూర్చున్నాడు. కర్ర ముందొస్తుంది, మనిషి వెనక వస్తాడు, వాడికి తెలిసిన పద్ధతి అదే. సాయంత్రపు ఎండ సందులోకి దిగి, గోడ మీద ఆ నల్ల చార దాకా వచ్చింది. వాడు చెవులు నిక్కబెట్టుకుని అటే చూస్తున్నాడు.